ముస్తఫా బిర్యానీలో పురుగు

ముస్తఫా హోటల్ మూతపడింది ఒక పురుగు వల్ల. వడ్లగింజంత ఉంటుంది. వన్ టౌన్‌లో బట్టల కొట్టున్న వెంకటసుబ్బారావు గారి ప్లేటులో, ఆఖరి ముద్దల దగ్గర బయటపడింది.

"ఇది మసాలా దినుసు కాదు ముస్తఫా," అన్నారాయన. పాత ఖాతాదారు కాబట్టి అరవలేదు. ఫిర్యాదు మాత్రం చేశారు.

ఆహార భద్రతా అధికారి జ్యోతిర్మయి వచ్చింది. పురుగును సీసాలో పెట్టించి, షట్టర్ దింపించింది.

"కుళ్లిన మాంసం వండారేమో తేలాలండీ. మాంసం మీద వాలే ఈగ పిల్ల అయితే లైసెన్సు ఉండదు."

"చూస్తే తెలీదా మేడం?"

"వేడి అన్నంలో నలిగిపోయింది. నలక్కపోయినా ఈ పిల్లలన్నీ ఒకేలా ఉంటాయి. డీఎన్‌ఏ తీస్తే ఏ జాతో చెబుతారు."

"పురుక్కి కూడానా?"

"తప్పు మీదో దానిదో తేలాలి కదండీ."

ముస్తఫా మేడ మీద ఇంట్లోకి వెళ్లాడు. అక్కడ భార్య నజీమా సిద్ధంగా ఉంది.

"కాశిం దగ్గర మాంసం మానెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను? బాబాయి కొడుకని మీకు మొహమాటం."

పోరు పడలేక ముస్తఫా కాశింకి ఫోన్ చేశాడు. "నా మాంసానికి పురుగు పట్టిందంటావా?" అని కాశిం పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు.

నజీమా బంగినపల్లి ముక్కలు తెచ్చి ముందు పెట్టింది. నూజివీడు నుంచి ఆమె తండ్రి కరిముల్లా ఏటా పంపే కాయలవి. ఇంట్లో తినగా మిగిలినవి ఆమె కోసి కిందికి పంపితే, ముస్తఫా పాత ఖాతాదారులకి బిర్యానీ పక్కన రెండేసి ముక్కలు ఊరికే పెడతాడు.

"తినండి. మా అబ్బా తోటలోవి. వాటికి వంక పెట్టేవాడు లేడు."

రిపోర్టు పట్టుకుని జ్యోతిర్మయి మళ్లీ వచ్చింది. నజీమా కూడా కిందికి దిగింది.

"మాంసం ఈగ కాదండీ, పండు ఈగ. దాని పిల్ల పండులోనే పుట్టి పండులోనే పెరుగుతుంది. మాంసం జోలికి పోదు. షట్టర్ తీసుకోండి."

ముస్తఫాకి ఊపిరి వచ్చింది.

"అయితే బిర్యానీలోకి పండెలా వచ్చిందండీ?" అని అడిగింది జ్యోతిర్మయి.

ముస్తఫా భార్య వంక చూశాడు. నజీమా మెట్ల కిందున్న మామిడికాయల బుట్ట వంక చూసింది. జ్యోతిర్మయి ఇద్దరినీ చూసింది.

"వానలు పడ్డాక కాయ కోసి చూసుకోవాలండీ. పైకి ఏమీ కనపడదు," అని వెళ్లిపోయింది.

ముస్తఫా చెప్పులు తొడుక్కోసాగాడు. అనేదేదో అంటే బాగుండునని నజీమాకి అనిపించింది.

"మా అబ్బాకి చెబుతారా?"

"ఆయనకెందుకు? కాశింకి చెప్పాలి. వాడి ఇంటికే వెళ్లొస్తా."

నజీమా ఆలోచించింది.

"తప్పు ఒప్పుకోడానికి వట్టి చేతుల్తో ఏం వెళ్తారు? బుట్టలోంచి నాలుగు కాయలు పట్టుకెళ్లండి."

అప్పటికే చెప్పులు తొడుక్కున్న ముస్తఫా వాటిని విప్పి, మెట్ల మీద కూర్చున్నాడు.

"ముందు కత్తి ఇలా తే," అన్నాడు.