పిడుగు వదిలిన చోటు

చెవులు చిల్లులు పడేలా మెటల్ అనే హోరు సంగీతం గిటారు మీద వాయిస్తాడని అతన్ని అందరూ పిడుగు అనేవారు. అసలు పేరు కన్నతల్లికైనా గుర్తుందో లేదో! వేళ్లు తీగల మీద పరుగు అందుకున్నాయంటే స్వరానికీ స్వరానికీ మధ్య చీమ దూరే సందుండేది కాదు. వెనక డ్రమ్స్ వాయించే బావ, అంటే భార్యకి అన్నయ్య, చెమటలు కక్కుతూ మొత్తుకునేవాడు.

"నాకూ కాస్త చోటు వదలరా!"

పిడుగు వింటేగా.

అలాంటివాడు మెత్తటి సినిమా పాటకి ఒప్పుకున్నాడు. డ్రమ్స్ కూడా లేని పాట. ఆ సంగతి బావకి చెప్పడానికి నోరు రాలేదు. 'అమ్ముడుపోయావు' అని బావ అన్నాడంటే మళ్లీ గిటారు ముట్టుకోగలడా? అదీ భయం.

స్టూడియో తలుపు మూయగానే నీళ్లలో మునిగినట్టు లోకం మాయమైంది. మొదటి తీగ మీటి నాలుక కరుచుకున్నాడు. మెటల్ కోసం బాగా కిందికి దించిన శ్రుతి, అలవాటుకొద్దీ అలాగే ఉండిపోయింది. సరిచేయబోతుంటే అద్దం అవతలి నుంచి రికార్డిస్టు అడ్డుపడ్డాడు.

"అలాగే ఉంచండి సార్, బాగుంది. కాకపోతే నిదానంగా."

డ్రమ్స్ హోరు లేని ఆ గదిలో, శ్రుతి దించి వదులైన లావు తీగలు వేగంగా వాయిస్తే బురబురమంటున్నాయి. గత్యంతరం లేక ఒక్కో స్వరం మీటి, అది కరిగిపోయేదాకా ఆగాడు. ఆగిన చోటల్లా ఎక్కడో దూరంగా బావ డ్రమ్ము పుల్లలు వినిపించాయి. కలో నిజమో తెలియలేదు. వాటి కోసమే ఎదురుచూస్తూ పాటంతా వాయించాడు.

పాట ఊరంతా పాకింది. ఇక దాచి లాభం లేదని బావ నడిపే సైకిల్ రిపేరు షాపుకి వెళ్లాడు పిడుగు. వెళ్లేసరికి రేడియోలో అదే పాట. బావ చేతిలో స్పానరుంది.

"నువ్వేగా?"

"ఎలా తెలిసింది బావా?"

"తీగని చివర్లో అలా వణికించేది ఇంకెవడు?" బావ స్పానరుతో రేడియో వైపు చూపించాడు. "నేనిన్నేళ్లు అడిగినా వదలని చోటు ముక్కూమొహం తెలియనివాళ్లకి వదిలావు."

అమ్ముడుపోయావన్నా ఇంత నొప్పి పుట్టేది కాదు.

"వాళ్లకి కాదు బావా. అక్కడ నువ్వే వినిపించావు."

"మాట్లాడకు. పాట విననీ."

స్వరం కరిగింది. ఆ ఖాళీలో బావ స్పానరుతో సైకిల్ సీటు మీద మెత్తగా కొట్టాడు. మళ్లీ ఖాళీ వచ్చింది, మళ్లీ కొట్టాడు. పాట అయ్యేదాకా ఒక్కటీ తప్పలేదు.