గంగరాజు తండ్రి

రూలు తెలియక తప్పు చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. కాలేజీ విద్యార్థి కానివాణ్ణి హాకీ టీములో ఆడించకూడదన్న ఆ రూలు రాసినప్పుడు డ్రిల్ మాస్టర్లందరితో పాటు నేనూ సంతకం పెట్టాను.

అది 1956. ఏలూరులో మా కాలేజీ టీము వరసగా నాలుగేళ్ళు ఓడిపోయి ఉంది. కొల్లేట్లో జగ్గయ్య అనే కుర్రాడు గెడ వేసి పడవ నడుపుతుంటే ఆ మణికట్టు చూసి నాకు మతిపోయింది. చేపలు పట్టే ఇంటివాడు, ఎనిమిదో క్లాసుతో చదువు ఆపేశాడు. మా విద్యార్థి గంగరాజు అనేవాడు జూలైలో చేరి, ఆగస్టులో ఉద్యోగం దొరికి కలకత్తా పోయాడు. పేరు మాత్రం రిజిస్టర్లోనే ఉంది. జగ్గయ్యకి హాకీ నేర్పి, ఆ పేరిచ్చాను. కప్పు వస్తే వాణ్ణి నిజంగానే చదివిస్తానని జగ్గయ్య తండ్రి పెద్దింటయ్యకి మాటిచ్చాను. ఆయన నమ్మాడు.

తాడేపల్లిగూడెంలో ఫైనల్ రోజున ఆడేది గంగరాజు కాదని అవతలి టీము ఫిర్యాదు చేసింది. టోర్నమెంటు కమిటీ ప్రెసిడెంటు సూర్యప్రకాశరావుగారు మమ్మల్ని గదిలోకి పిలిచి, గంగరాజు కాలేజీ అప్లికేషను ముందు పెట్టుకుని, మీ నాన్న ఏం చేస్తాడని జగ్గయ్యని అడిగారు. అందులో గంగరాజు తండ్రి కాలం చేశాడని ఉంది. ఆ ముక్క నేను ముందే నేర్పాను. వాడు తల తిప్పి వెనక్కి చూశాడు. ఆట చూద్దామని వచ్చిన పెద్దింటయ్య గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"మీరెవరండీ?" అన్నారు ప్రెసిడెంటుగారు.

పెద్దింటయ్య నావంక చూశాడు. సిగ్గులేనివాణ్ణి, తల దించుకున్నాను.

"ఈళ్ళ ఊరేనండి. ఈ కుర్రోడి నాన్న పోయాడండి. నాకు బాగా తెలుసండి," అన్నాడు.

ఫిర్యాదు కొట్టేశారు. బయటికొచ్చాక, పోయాడన్నవాడికి ఆయుష్షు పెరుగుతుందంటారు గదా అని పెద్దింటయ్య నవ్వబోయాడు. జగ్గయ్య నవ్వలేదు. గ్రౌండు పక్కనున్న కాలవలోకి దిగి, కట్టుబట్టలతోనే మూడు మునకలు వేశాడు. నీళ్ళోడుతూ వచ్చి స్టిక్కు నా ముందు పెట్టాడు.

"నాన్న పోయాడు గదండీ. మైలండి. ఆడకూడదండి."

వాడి గొంతులో కోపం లేదు. ఉంటే నేనూ కోప్పడి తప్పించుకునేవాణ్ణి. గ్రౌండులో విజిల్ వేశారు. నా ఉద్యోగం గుర్తొచ్చింది, భయం వేసింది. అయినా పెద్దింటయ్య చెయ్యి పట్టుకుని మళ్ళీ ఆ గదిలోకి తీసుకెళ్ళాను.

"ఆ కుర్రాడి పేరు జగ్గయ్యండి. ఈయన వాళ్ళ నాన్నగారు," అన్నాను. "బతికే ఉన్నారండి."