గోడ జరిపిన ఊరు

అబ్దుల్ ఘనీ ఊరికే కూర్చోలేని మనిషి. సౌదీలో ప్రతి కంపెనీలోనూ స్థానికులు ఇంతమంది ఉండాలని నితాఖత్ చట్టం వచ్చాక, అతను వెల్డరుగా ఉన్న కంపెనీలో సౌదీలు చాలినంతమంది లేరని పరదేశీలను ఉండనిచ్చే ఇఖామాల రెన్యువల్ ఆపేశారు. వయసు మళ్ళినవాళ్ళను ముందుగా ఇంటికి పంపించారు. దమ్మామ్‌లో ఇంజనీరుగా ఉన్న కొడుకు ఇస్సాక్ అమ్మానాన్నల ఇఖామాలను తన కిందికి మార్పించుకున్నాడు. అప్పుడే ఘనీ ఒక పాత వ్యాను కొన్నాడు. వెనక సీట్లు పీకేసి మంచం బిగించాడు. నీళ్ళ డ్రమ్మూ గ్యాసు పొయ్యీ అమర్చాడు. భార్య మదార్బీ పాత చీరలు చించి కిటికీలకు తెరలు కుట్టింది.

ఇక మొగుడూ పెళ్ళాం దేశమంతా తిరిగారు. తాయిఫ్ గులాబీ తోటలు చూశారు. అభా కొండల మీద మంచులో ఒకే దుప్పటి కప్పుకుని వణికారు. తబూక్ దారిలో ఒంటెలు అడ్డం పడుకుంటే, అవి లేచేదాకా టీ కాచుకుని తాగారు. బతుకంతా వంటింట్లోనే గడిచిపోయిన మదార్బీకి ఆ తిరుగుడు కొత్త కాపురంలా ఉండేది.

ఒక్క యాన్బుకు మాత్రం పోలేదు. మదీనా దాటాక ఆ ఊరి బోర్డు కనపడితే ఘనీ వేగం పెంచేవాడు. ఆమె తల పక్కకు తిప్పుకునేది.

పుట్టింది రాయచోటి పక్కనే అయినా వాళ్ళకు ఊరంటే యాన్బు. పెళ్ళయిన కొత్తలో ఘనీ ఆమెను తీసుకొచ్చింది అక్కడికే. ఇస్సాక్, వాడి తర్వాత షమీమ్, ఇద్దరూ అక్కడే పుట్టారు. బడికి పోవడం మొదలుపెట్టిన ఏడాదే షమీమ్‌కు మెదడువాపు జ్వరం వచ్చింది. ఆస్పత్రికి తీసుకుపోయిన పిల్ల మళ్ళీ ఇల్లు చేరలేదు. మగవాళ్ళు పోయి మట్టి చేసి వచ్చారు. అక్కడ ఆడవాళ్ళను ఖబరస్తాన్‌లోకి రానివ్వరు. మదార్బీ పిల్ల గౌన్లు ఒళ్ళో పెట్టుకుని ఇంట్లోనే కూర్చుంది. ఆ ఏడాది గడవకముందే ఘనీ దమ్మామ్ వైపు పని వెతుక్కున్నాడు.

తర్వాత, పరదేశీల కుటుంబాల మీద తలకింత అని ప్రభుత్వం లెవీ పెట్టింది. ఏటేటా అది పెరుగుతుందన్నారు. భోజనం దగ్గర ఇస్సాక్ పరధ్యానంగా కూర్చోవడం, కోడలు వంటింట్లో కళ్ళు తుడుచుకోవడం మదార్బీ చూస్తూనే ఉంది.

"మేము పోతాంలే నాయనా," అంది ఒకరోజు. "మేము పోతే పిల్లలన్నా నీకాడ ఉంటారు."

"అట్లనొద్దు అమ్మా," అన్నాడు ఇస్సాక్. కానీ ఉండమని అనలేకపోయాడు.

మళ్ళీ రాకుండా పంపించేసే ఫైనల్ ఎగ్జిట్ ముద్ర పడింది. ఆ సాయంత్రం ఆమె మొగుడి పక్కన కూర్చుంది.

"యో, పొయ్యేలోపల మన ఊరికి ఒగసారి పోయొద్దాం."

"ఇంగ పొయ్యేది ఊరికే కదా మే."

"ఆ ఊరు కాదు."

ఏ ఊరని ఘనీ అడగలేదు. తెల్లారి లేచి టైర్లలో గాలి చూసుకున్నాడు.

నడివేసవి. రియాద్ దాటాక ఇంజను వేడెక్కి రెండు మూడు చోట్ల ఆగాల్సొచ్చింది. యాన్బులో వాళ్ళు కాపురమున్న క్వార్టర్ల వరుస లేదు. ఆ జాగాలో బస్సులు నిలబెట్టి ఉన్నాయి. పిల్లలకు బిస్కెట్లు అరువిచ్చే మలయాళీ అంగడికి తాళం వేసి ఉంది. ఆయన కూడా ఎగ్జిట్ మీద వెళ్ళిపోయాడని పక్కన ఎవరో చెప్పారు.

సాయంకాలం అసర్ నమాజు అయ్యాక ఖబరస్తాన్ దగ్గర వ్యాను ఆపారు. ఘనీ లోపలికి పోయాడు. మదార్బీ వ్యాను తలుపు తీసుకుని కూర్చుంది. గేటులోంచి ఇసుకా, పేర్లు లేని రాళ్ళూ కనపడుతున్నాయి. ఘనీ తిన్నగా గోడ వారకు పోయాడు. వంగి చూశాడు. వెనక్కి వచ్చాడు. ఇంకో వరుసలోకి పోయాడు, అక్కడా వంగాడు. ఎండలో అతని జుబ్బా వీపుకు అంటుకుపోయింది. చాలాసేపటికి బయటికి వచ్చి, డ్రమ్ము దగ్గర చేతులు కడుక్కుంటూ నిలబడ్డాడు.

"కనపడిందా?"

"గోడ జరిపినారు మే. నేను గురుతు పెట్టుకునింది ఆ గోడనే."

"రాయి పెట్టినానంటివి కదా."

"అందరికీ అదే రాయి."

మదార్బీ దిగి గేటు దాకా నడిచింది. కాపలా ఉండే బంగ్లాదేశీ ముసలాయన లేచి, లోపలికి రావద్దని ఉర్దూలో మెల్లిగా చెప్పాడు. రాననీ, ఇక్కడే నిలబడతాననీ అంది. ఆయన తన కుర్చీ తెచ్చి ఆమె పక్కన వేసి, దూరంగా పోయి అటు తిరిగి నిలబడ్డాడు.

పోయినవాళ్ళ కోసం చదివే ఫాతిహా చదవాలనుకుంది. నోట్లోంచి రాలేదు. చీకటి పడే వేళ ఇంటి గడపలో నిలబడి పిలిచినట్టు, "షమీమూ" అని ఒక్కసారి పిలిచింది. వెనక వ్యానుకు ఆనుకుని ఘనీ ఏడుస్తున్నాడు. పిల్లకు మట్టి చేసి వచ్చిన రోజు కూడా అతను ఏడవలేదు.

పొద్దుగూకి మగ్రిబ్ బాంగు వినపడేదాకా ఉండి, తిరిగి బయల్దేరారు.

వాళ్ళు రాయచోటి చేరిన మరుసటి ఏడాది లెవీ ఇంకా పెరిగి, బడి సెలవుల్లో కోడలూ పిల్లలూ కూడా వచ్చేశారు. ఇస్సాక్ అక్కడే ఒక గదిలో నలుగురితో సర్దుకున్నాడు. మదార్బీ ఫోన్ చేసినప్పుడల్లా యాన్బు పక్క పనేమైనా తగిలిందా అని అడిగేది. ఒక పండక్కి వాడు ఆ ఖబరస్తాన్‌కు పోయి వచ్చానని చెప్పాడు. ఏం చూశావని ఆమె అడగలేదు. వాడు ఆ దేశంలో ఉన్నాడు, అది చాలనుకుంది.

కొన్నాళ్ళకు వాడి కంపెనీలోనూ మనుషులను తగ్గించారు. ఇస్సాక్ విమానాశ్రయం నుంచి ఫోన్ చేసిన రోజు ఇల్లంతా సందడి. పిల్లలు వీధి చివరిదాకా పరుగెత్తి వస్తున్నారు. కోడలు మసాలా నూరుతూ నవ్వుతోంది. మదార్బీ కనపడకపోతే ఘనీ పెరట్లోకి వచ్చాడు. ఆమె నీళ్ళ తొట్టి పక్కన కూర్చుని ఉంది.

"కొడుకు వస్తాంటే ఈడ కూసున్యావేంది మే?"

"వాడు వస్తాండాడు, సంతోషమే," అంది మదార్బీ. "పిల్ల ఒగతే అయిపాయ యో, ఆడ."

ఘనీ మెల్లిగా వంగి ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు.