చలికి బిగుసుకోని నూనె

డెల్మర్ పోయాడని సోమవారం పొద్దున కబురొచ్చింది. సమాధి శనివారం. ఆ రోజుకి చలి సున్నాకి ముప్ఫై కిందకి దిగుతుందని రేడియోలో చెప్పారు. అది వినగానే నాకు గుర్తొచ్చింది డెల్మర్ ముఖం కాదు. పోయిన జనవరిలో క్లారెన్స్ సమాధి దగ్గర వినిపించిన టిక్కు టిక్కులు. మళ్ళీ సిగ్గుతో చచ్చిపోయాను.

మా డకోటాలో సైన్యంలో పనిచేసినవాడు ఎవరు పోయినా, మాజీ సైనికుల సంఘం నుంచి ఏడుగురం పాత రైఫిళ్ళు పట్టుకుని వెళ్తాం. తూటాల్లో మందే గానీ గుండు ఉండదు. మూడుసార్లు పేలుస్తాం. పేలిన తూటాల ఇత్తడి తొడుగులు మూడు ఏరి ఇంటివాళ్ళ చేతిలో పెడతాం. అంతకన్నా ఇవ్వడానికి మా దగ్గర ఏముంది గనక! క్లారెన్స్ రోజున మొదటిసారి ఏడింట్లో రెండే పేలాయి, తక్కినవి టిక్కుమని ఊరుకున్నాయి. రెండోసారి ఒక్కటి. మూడోసారి అదీ లేదు. క్లారెన్స్ మనవరాలు కిసుక్కున నవ్వింది. వాళ్ళమ్మ దాని నోరు మూసి తను ఏడ్చింది.

ముప్ఫై ఏళ్ళుగా ఆ రైఫిళ్ళ బాగోగులు డెల్మర్‌వే. అందుకని అందరూ వాడివైపే చూశారు. వాడు టోపీ తీసి క్లారెన్స్ కూతురి ముందుకెళ్ళి, "తప్పు నాదేనమ్మా, క్షమించు" అన్నాడు.

తప్పు వాడిది కాదు, నాది. అంతకు ముందు వారం వాడు కంటి ఆపరేషన్‌కి పట్నం వెళ్తూ బీరువా తాళం నాకిచ్చాడు. "అన్నీ తుడిచే పెట్టాను, ఏమీ ముట్టుకోకురోయ్" అని కూడా చెప్పాడు. నేను వింటేగా! పొడిగా ఉన్న ఇనుమును చూస్తే నా చేతులు ఊరుకోవు. డెల్మర్ కొరియా మంచులో పోరాడిన వాడు. నేను పనామాలో రెండేళ్ళు దోమలు కొట్టుకున్నవాణ్ణి. అక్కడ గ్రీజు దట్టంగా పూయకపోతే తెల్లారేసరికి తుప్పు. ఆ పాఠమే నాకు ఒంటబట్టింది. పైగా ట్రాక్టరు చక్రాలకి పెట్టే గ్రీజు కొట్టంలో డబ్బాడు ఉంది, పైసా ఖర్చు లేదు. ఏడింటికీ తూటాని కొట్టి పేల్చే పిన్ను గూటిదాకా కూరిపెట్టాను. చలికి అది కొవ్వొత్తిలా బిగుసుకుపోయి పిన్నును కదలనివ్వలేదు.

ప్రతి గురువారం వాడింటికి కాఫీకి వెళ్ళేవాణ్ణి, చెప్పేద్దామనే అనుకునేవాణ్ణి. మావాళ్ళకి ఇదేం రోగమో గానీ, గోధుమ గురించీ మంచు గురించీ గంటలు మాట్లాడతాం, అసలు మాట దగ్గరికి వచ్చేసరికి కాఫీ అయిపోతుంది. కక్కలేక మింగలేక ఏడాది గడిపాను. ఇప్పుడు చెబుదామంటే వాడు లేడు. వాడి సమాధి దగ్గర ఒక్క రైఫిల్ టిక్కుమన్నా నేను బతికి దండగ.

పరామర్శకి వెళ్ళినప్పుడు వాడి భార్య లవోన్‌ను అడిగాను. "రైఫిళ్ళకి చలికాలం ఏం వాడేవాడు?"

"కార్ల గేర్‌బాక్సులో పోస్తారే, ఆ ఎర్ర నూనె. అందులో సగానికి సగం కిరసనాయిలు. ముప్ఫై ఏళ్ళుగా నా దిండుకి అదే కంపు" అంది లవోన్. కళ్ళు తుడుచుకుని, "పూయడం కాదు ఆర్లెన్, దాంతో కడిగి తుడిచెయ్యాలి. నూనె తగిలిందని ఇనుముకే తెలియకూడదు అనేవాడు" అంది.

సంఘం హాలుకి వెళ్ళేసరికి హార్లన్ అక్కడే ఉన్నాడు. "ఫైర్" అని కేకపెట్టేది వాడే. తుపాకుల కొట్లో కొన్న వేలెడంత సీసా నా ముందు పెట్టాడు.

"పద్నాలుగు డాలర్లు పోశాను. చూడు, మంచుకొండ బొమ్మ కూడా ఉంది. ఈసారైనా పిసినారితనం మానండ్రా."

"బొమ్మకేం తెలుసురా మన చలి?" అన్నాను.

"మరి నీకేం తెలుసు? నువ్వు పనామాలో కొబ్బరినీళ్ళు తాగినవాడివి."

నా ఒళ్ళు మండింది. మండినా వాడన్నది నిజం. అందుకని పందెం వెయ్యకుండా పరీక్ష పెట్టాను. వరండా గట్టు మీద రేకుమూతలు వరసగా పేర్చి ఒక్కోదాంట్లో ఒక్కో చుక్క వేశాను. నా ట్రాక్టరు గ్రీజు, ఇంజన్ ఆయిల్, హార్లన్ సీసాలోది, డెల్మర్ కలిపే ఎర్ర నూనె. రెండు గంటలాగి మూతలు ఏటవాలుగా లేపాం. గ్రీజు గోటితో గీకినా రాలేదు. ఇంజన్ ఆయిల్ పాకంలా ఎక్కడిదక్కడే నిలిచింది. హార్లన్‌ది మెల్లగా జారింది. డెల్మర్‌ది ఒక్క ఉదుటున కిందికి పరిగెత్తింది.

"డబ్బా రెండు డాలర్లు కూడా చెయ్యదు, దొంగముండాకొడుకు" అన్నాడు హార్లన్. అంటూనే అటు తిరిగాడు.

మూడు రోజులు కూర్చుని ఏడు రైఫిళ్ళూ విప్పి కడిగాను. మూలమూలలా గుడ్డపీలికలు దూర్చి, మరక కూడా అంటనంత వరకూ తుడిచాను.

శనివారం చర్చి గుమ్మంలో పాస్టరు, "రైఫిళ్ళు లోపలికి తెచ్చుకోండి, వెచ్చగా ఉంటుంది" అన్నాడు. ఆయనది మంచి మనసే, కానీ చల్లబడ్డ ఇనుమును వెచ్చని గదిలోకి తెస్తే చెమటపడుతుంది. మళ్ళీ బయటికి తెస్తే ఆ చెమటే మంచై బిగుస్తుంది. అలాగని రైఫిళ్ళను ఒంటరిగా వదలకూడదు.

"మీరెళ్ళండి, నేను ట్రక్కులో ఉంటాను" అన్నాను.

"ఏరా, వాడి ప్రార్థనకి నువ్వు లేకపోతే ఎలారా?" అన్నాడు హార్లన్.

"రానన్నానుగా! పో."

రైఫిళ్ళు వెనక టార్పాలిన్ కింద ఉన్నాయి. ఇంజన్ ఆపేసి ముందు కూర్చున్నాను. గంటసేపు గోడ అవతల ఆర్గన్ మోగుతూనే ఉంది. వాడికిష్టమైన పాట పాడారు. మాటలు వినపడలేదు గానీ రాగం తెలిసింది, నేనూ సన్నగా కలిపాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి. డెల్మర్ గురించి ఎవరేం మాట్లాడారో నాకు ఇప్పటికీ తెలియదు.

సమాధి దగ్గర ఏడుగురం వరసలో నిలబడ్డాం. హార్లన్ కేక పెట్టాడు. ఏడూ ఒక్కసారిగా పేలాయి. మరో తూటాకి బోల్టు లాగాను, వెన్నలో కత్తిలా వచ్చింది. రెండోసారీ ఏడు. మూడోసారి. ఏడూ పేలాయి. పొలాల మీదుగా ఆ మోత చాలాదూరం పోయింది, ఎవరూ కదల్లేదు.

మంచులోంచి మూడు తొడుగులు ఏరి లవోన్ చేతిలో పెట్టాను. ఈసారి కాఫీ దాకా ఆగదలుచుకోలేదు.

"లవోన్, క్లారెన్స్ రోజున ఆ తుపాకుల్ని పాడుచేసింది నేను. డెల్మర్ కాదు."

"తెలుసు" అంది.

"ఎలా?" అన్నాను.

"ఆ రోజే ఒక బోల్టు విప్పి వాసన చూశాడు. ఇది ఆర్లెన్ ట్రాక్టరు గ్రీజే అన్నాడు."

"మరి నన్నొక్క మాట అడగలేదేం?"

"నేనూ అదే అన్నాను. వాడే చెప్తాడులే అన్నాడు. గురువారం గురువారం నువ్వొస్తావని కాఫీ ఎక్కువ పెట్టించేవాడు. నువ్వెళ్ళాక కప్పులు తీస్తూ, ఇవాళ కూడా మంచు గురించే మాట్లాడాడు అనేవాడు."

"ఆఖరి గురువారం కూడానా?"

"ఆఖరి గురువారం కూడా, ఆర్లెన్."

ఆవిడ తొడుగులు గుప్పిట్లో మూసుకుని కూతుళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఆ గురువారం వాడితో ఏం మాట్లాడానో నాకు బాగా గుర్తుంది. వచ్చే వారం చలి ముదురుతుందట అని చెప్పి లేచి వచ్చేశాను.