తెడ్డు చప్పుడు

పడవ తండ్రిది, నడిపే చేయి కూతురిది. సాన్ ఇగ్నాసియో సముద్రపు పాయలో ఇది అందరికీ తెలిసిన సంగతే. తిమింగలాలను చూడ్డానికి వచ్చే అతిథులను తిప్పడానికి ఆ పడవ ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం తండ్రి ఫిదెన్సియో ఇంకా తేల్చలేదు. ఒకసారి వచ్చి చూస్తాననీ, మనసొప్పకపోతే పడవను మళ్లీ వలలకే పంపేస్తాననీ అన్నాడు. కూతురు నెరెయిదా సరేనంది. అనక చేసేదేముంది?

ఆయన కుర్రతనంలో తిమింగలాన్ని దయ్యపు చేప అనేవారు. దగ్గరికొస్తున్నట్టు అనుమానం వస్తే చాలు, తెడ్డుతో పడవ అంచు మీద దబదబా బాదేవారు. ఆ చప్పుడుకి పారిపోతుందని నమ్మకం. అరవై రెండేళ్లొచ్చినా ఆ అలవాటు ఆయన భుజాన్ని వదల్లేదు.

పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. పాయ మధ్యకు చేరాక నెరెయిదా మోటారును ఆపకుండా, గేరు మాత్రం తీసి ఊరికే గురగురలాడనిచ్చింది. తిమింగలాల వెంటపడకూడదు, రావాలనిపిస్తే అవే వస్తాయి. ఆ గురగుర వాటికి ఇష్టం.

చాలాసేపు ఏమీ రాలేదు. ఫిదెన్సియో తెడ్డు ఒళ్లో పెట్టుకుని గొణిగాడు. "పిలవని పేరంటానికొచ్చినట్టు ఇలా కూర్చోవడమేనా, అమ్మడూ?"

"పేరంటం వాళ్లది నాన్నా. పిలవకుండా వచ్చింది మనమే."

అంతలో వెనక భుస్సుమంది. పడవంత వీపు, దాని పక్కనే ఓ చిన్న వీపు. ఆయన చేయి ఆయన్ని అడగలేదు; తెడ్డు దబదబా మోగింది. తల్లి తిమింగలం మునిగి దూరంగా వెళ్లిపోయింది. నెరెయిదా పడవ చేజారిందనే అనుకుంది.

కానీ పిల్ల తిమింగలం వెళ్లలేదు. చప్పుడు ఎక్కడిదో చూద్దామన్నట్టు పడవ పక్కన తల ఎత్తింది. ఆయన మళ్లీ బాదాడు. అది ఇంకాస్త దగ్గరికొచ్చింది. మూడోసారికి అంచుకే ముక్కు ఆనించింది. ఆటలో తన వంతు కోసం చూస్తున్నట్టుంది. ఈలోగా తల్లి కింద నుంచి తిరిగొచ్చి, పిల్లను వీపు మీద మెల్లగా పైకెత్తి పట్టుకుంది.

ఫిదెన్సియో తెడ్డు గాల్లోనే ఆగిపోయింది.

"ఇప్పుడు కొట్టు నాన్నా, చూద్దాం," అంది నెరెయిదా.

ఆయన తెడ్డు కింద పెట్టి, అరచేతిని ప్యాంటుకు తుడుచుకుని మరీ చాచాడు. పెంకు తీసిన ఉడికిన గుడ్డులా ఉంది దాని చర్మం. అది ఊపిరి వదిలి ఆయన ముఖమంతా తడిపేసింది. ఆయన తుడుచుకోలేదు.

"దీనికి ఇంట్లో మర్యాద నేర్పలేదల్లే ఉంది," అన్నాడు.

ఒడ్డుకు చేరాక ఆయన దిగకుండా, పిల్ల ముక్కు ఆనిన చోట పడవ అంచును వేళ్లతో తడిమాడు.

"ఇక్కడ గరుకుగా ఉంది. దానికి గీసుకుపోతుంది. రేపు నీ అతిథులొచ్చేలోగా నునుపు చేయాలి. ఉప్పుకాగితం ఎక్కడ పెట్టావు?"