చప్పుడుకు సిగ్గుపడ్డ పంకా

నేను ఒక పంకాను. ఇంటి కప్పుకు వేలాడుతూ మనుషులకు గాలి విసిరే జాతి కాదు నాది. అరచేతిలో పట్టేంత ఒళ్లు, నల్లని రెక్కలు, ఒక మూల నుంచి వేలాడే సన్నని తీగలు. కంప్యూటరు పెట్టెలో ప్రాసెసర్ అనే చిన్న బిళ్ల ఉంటుంది. లెక్కలన్నీ అదే చేస్తుంది, చేసినకొద్దీ కాగిపోతుంది. దాని నెత్తిన కూర్చుని ఆ వేడిని బయటికి తోలడం నా కొలువు. ఎంత వేగంగా తిరగాలో నా ఇష్టం కాదు. పెట్టెలో అందరినీ కలిపి నడిపే పలక, మదర్‌బోర్డు చెబుతుంది, నేను తిరుగుతాను.

ఏ దేశపు ఫ్యాక్టరీలో పుట్టానో నాకు గుర్తు లేదు. ఊహ తెలిసేసరికి హనుమకొండలోని ఒక గేమింగ్ సెంటర్‌లో ఉన్నాను. తెరమీద తుపాకులు పేల్చుకుంటూ కుర్రాళ్లు పెట్టే కేకల్లో నా గొంతు ఎవరికీ వినపడేది కాదు. నాకే వినపడేది కాదు. ఒళ్లు దాచుకోకుండా తిరిగేదాన్ని. పనిమంతురాలినని లోలోపల గర్వం కూడా ఉండేది. ఆ సెంటర్ మూతపడ్డాక సదానందం మా పెట్టెను కొని ఇంటికి తెచ్చాడు.

సదానందం కరెంటు ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో ఏది చెడిపోయినా "నాకెరుకే" అంటూ అందరికంటే ముందు చెయ్యి పెట్టే మనిషి. అతని భార్య స్వరూప ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచరుగా చేసి మానేసింది. చూపు లేని విద్యార్థుల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసి, వాళ్ల ఫోన్లకు పంపాలని పూనుకుంది. ఆమెకు దొరికిన మొదటి శ్రోత ఐలేశ్. పుట్టుకతోనే చూపు లేదు. టీచరు ఉద్యోగం పరీక్షకు తయారవుతున్నాడు. అతనికి కావలసిన పుస్తకాలు బ్రెయిలీలో దొరకలేదు.

ఎండాకాలం. వాడంతా మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసుకుని స్వరూప కిటికీలు మూసింది, కూలర్ ఆపింది, కప్పు పంకా కూడా ఆపింది. చెమటలు కారుతుండగా మొదటి పాఠం చదివింది. ఎంత బాగా చదివిందని! తర్వాత ఎలా వచ్చిందో విందామని పెట్టుకుంది. ఆమె మాట కింద ఏదో గుర్రుమంటోంది. మాటకీ మాటకీ మధ్య ఆగిన చోటల్లా మరీ పెద్దగా వినిపిస్తోంది. అది ఎవరి గొంతో పోల్చుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. నాదే.

అయినా సరేనని ఆమె పంపింది. సాయంత్రానికి ఐలేశ్ గొంతు ఫోన్లో పలికింది. "అక్కా, పాఠం మస్తుగున్నది. గని మీ ఇంటి పక్కపొంటి గిర్ని ఉన్నదా? పిండి పడుతున్నట్టు ఒకటే సప్పుడు."

సదానందం పగలబడి నవ్వాడు. స్వరూప నవ్వలేదు.

"ఆ పిలగాడు నవ్వులాటకు అన్నడు గని, గిర్ని కాడ కూసోని చదువు ఇన్నట్టే గదా ఆయనకు!" అంది.

ఉన్నచోటే ముడుచుకుపోవాలనిపించింది నాకు. ఇన్నాళ్లూ పనితనం అనుకున్నది ఇంకొకరి చెవికి పిండిమర.

ఆమె పెట్టెను బల్ల కిందికి నెట్టింది, చుట్టూ దుప్పటి కట్టింది. నేను ఇంకా గట్టిగా అరిచాను. దుప్పటి కడితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే తిరగక తప్పదు. చివరికి సదానందం రంగంలోకి దిగాడు. "ఉండు, నేను చూస్త" అని ఫోన్లో ఏదో వీడియో సగం దాకా చూశాడు. కంప్యూటరు లేస్తుండగానే డిలీట్ బటన్ టకటకా నొక్కాడు. మామూలు తెర రాకుండా మదర్‌బోర్డు తన కడుపులో దాచుకున్న అమరికల తెర వచ్చింది. అందులో నా పేరుతో ఒక గీత ఉంది. వేడి పెరిగేకొద్దీ నా వేగం ఎంత పెరగాలో చెప్పే గీత, గుట్ట ఎక్కుతున్నట్టు పైకి పోతుంది. సదానందం దాన్ని పట్టి నేలకు లాగేశాడు. ఎంత కాగినా సరే, నేను నత్తలా తిరగాలి, అంతే. వేడెక్కితే కూతపెట్టే హెచ్చరిక ఒకటుంటే దాన్నీ ఆపేశాడు.

"అయిపాయె!"

గది నిశ్శబ్దమైపోయింది. "నిజంగనే వస్తదా మీకు!" అని స్వరూప అల్లం వేసి చాయ్ పెట్టిచ్చింది. అతను మీసం తడుముకుంటూ తాగాడు. నాకూ హాయిగానే ఉంది. నా చప్పుడు లేకపోతే చాలు, ఇంకేమైనా పర్వాలేదనుకున్నాను. సిగ్గు మనుషుల చేతే కాదు, పంకాల చేత కూడా అలాంటి ఆలోచనలు చేయిస్తుంది.

చదువుతున్నంతసేపూ బాగానే గడిచింది. చదివినదాన్ని శుభ్రం చేసి, ఫోన్లో వినేలా మార్చేటప్పుడే ప్రాసెసర్‌కు అసలు పని. అది నా కింద కుతకుతలాడిపోయింది. బోర్డుకు ఆ వేడి తెలుస్తూనే ఉంది, కానీ రాసిపెట్టిన ఆజ్ఞ ప్రకారం నాకు మాత్రం "నెమ్మది" అనే చెబుతోంది. ఇక బిళ్ల మాడిపోతుందనగా బోర్డు ఒక్కసారిగా అన్నీ ఆపేసింది. తెర నల్లబడింది. ఇంకా భద్రపరచలేదు కాబట్టి స్వరూప చదివిన పాఠమంతా పోయింది.

"వోల్టేజి పడిపోయింది. మావోళ్లు లైను మీద పని చేస్తుండ్రు" అన్నాడు సదానందం. మొదటిసారి అతను నిజంగానే నమ్మాడు. మర్నాడు మళ్లీ ఆరిపోయినప్పుడు పెట్టెమీద చెయ్యి వేసి, కాలిన పెనం ముట్టినట్టు లాక్కున్నాడు. అప్పుడే అతనికి అర్థమైంది. అయినా నిజం చెప్పలేదు. బయట ఎవరైనా కరెంటు ఆఫీసును ఒక్క మాటంటే పోట్లాటకు దిగే మనిషి, ఇంట్లో మాత్రం తప్పంతా ఆ ఆఫీసు మీదకే నెట్టాడు. ఆమె లేనప్పుడు గుట్టుగా సరిచేద్దామని కాచుకున్నాడు. కానీ ఆమె ఆ కుర్చీ వదిలితేగా! పోయిన పాఠాన్నే మళ్లీ మళ్లీ చదువుతోంది. చదివి చదివి గొంతు బొంగురుపోయింది.

పరీక్ష దగ్గర పడింది. ఐలేశ్ నుంచి మళ్లీ సందేశం వచ్చింది.

"అక్కా, మీకు తీరిక లేకుంటె చెప్పుండ్రి. నేనేం అనుకోను. ఇంకెవలనన్న అడుగుత."

కోపంగా అని ఉంటే బాగుండేది. అతను మర్యాదగా అన్నాడు. స్వరూప కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మొదలువెట్టి నడిమిట్ల ఇడిశిపెట్టిన అనుకుంటున్నడు" అంది. సగం మాటలు గాలే అయిపోయాయి.

సదానందం తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు, బయటికీ పోలేదు.

"స్వరూపా, కరెంటు మంచిగనే ఉన్నది."

ఆమె తలెత్తింది.

"నేనే ఖరాబు చేసిన. ఆ పంకను తిరుగకుంట చేసిన. మొన్ననే ఎరుకైంది. చెప్పబుద్ధి కాలే."

తిట్టడానికి ఆమెకు గొంతు లేదు. "నా గొంతు పోయినంక చెప్తున్నరా?" అని గుసగుసగా మాత్రం అంది. అతను తల వంచుకున్నాడు. పెట్టెలో నేనూ అదే పనిలో ఉన్నాను.

ఈసారి అతను వీడియో చివరిదాకా చూశాడు. చల్లగా ఉన్నంతవరకు గీత నేలబారుగా, వేడి మొదలైన చోటునుంచి మెల్లగా పైకి లేచేలా గీశాడు. ఆపిన కూతను మళ్లీ పెట్టాడు. చదివేటప్పుడు కంప్యూటరుకు వేరే పని చెప్పకూడదనీ, చదవడం అయ్యాక కిటికీలు తెరిచి మిగతా పని చేయించాలనీ ఇద్దరూ అనుకున్నారు. అప్పుడు నేనెంత అరిచినా ఎవరికీ బాధ లేదు.

కానీ చదివేదెవరు? డాక్టరు స్వరూపను మాట్లాడవద్దన్నాడు.

"నేను చదువుత" అన్నాడు సదానందం. బడి విడిచాక అతను పైకి చదివింది లేదు. ఊపిరి ఆగకూడని చోట ఆగింది. కాకతీయుల పాఠంలో పాకాల చెరువు దగ్గరికి వచ్చేసరికి ఒక రాజు పేరు బదులు ఇంకో రాజు పేరు చదివేశాడు. ముఖం ఎర్రబడింది. "ఆగు ఐలేశ్, తప్పు చదివిన. రుద్రదేవుడు కాదు, గణపతిదేవుడు" అన్నాడు. అయ్యాక ఆ ముక్క తీసెయ్యమని భార్యను బతిమాలాడు. ఆమె తల అడ్డంగా ఊపి, అలాగే పంపించింది. తువ్వాలు ముఖం మీద కప్పుకుని కూర్చున్నాడు.

ఐలేశ్ జవాబు మరుసటి రోజు వచ్చింది. "బావా, మీరు తప్పు చదివి మల్ల దిద్దుకున్నరు సూడుండ్రి, అన్నిట్ల గదే నాకు గట్టిగ యాదికున్నది."

సదానందం ఆ మాటను రెండుసార్లు పెట్టుకుని విన్నాడు.

ఐలేశ్ ఆ పరీక్షలో నెగ్గలేదు. ఆ తర్వాతి పరీక్షలో నెగ్గాడు. ఇప్పుడు పిల్లలకు సోషల్ చెబుతున్నాడట. స్వరూప గొంతు తిరిగొచ్చింది గానీ, సగం పాఠాలు సదానందమే చదువుతున్నాడు. వినేవాళ్లూ పెరిగారు. నా ఇరుసు అరిగిపోయింది. నన్ను తీసి, మాడిన బల్బులతో పాటు అటక మీది అట్టపెట్టెలో వేశారు. నా చోట కొత్త పంకా వచ్చింది. దాని చప్పుడు ఇక్కడిదాకా రాదు. మధ్యాహ్నం వాడ సద్దుమణిగాక సదానందం గొంతు మాత్రం వస్తుంది. చదువుతూ చదువుతూ ఆగుతాడు. ఒకసారి దగ్గుతాడు.

"ఆగుండ్రి, తప్పు చదివిన."