ముడి వెయ్యని తెర

గుమ్రాన్ అడిగింది మేడలూ మిద్దెలూ కాదు. పగటిపూట కాస్త నిద్ర. జుమున్‌జిన్ రేవులో స్క్విడ్ కోసే ఆడవాళ్లలో ఎవరినైనా అడగండి, అందరిదీ అదే కోరిక. పడవలు చీకటితోనే వచ్చేస్తాయి. వీళ్లు పొద్దెక్కేదాకా ఐసు నీళ్లలో చేతులు పెట్టి, పొట్టలు చీల్చి, కడిగి, ఇళ్లకు చేరతారు. చేరి, కిటికీకి మందపాటి గుడ్డ లాగేసి సాయంత్రం దాకా ఒళ్లెరగకుండా పడుకుంటారు. గుమ్రాన్ ఇంట్లో మాత్రం కిటికీకి ఏదీ కట్టడానికి వీల్లేదు. అది అత్తగారి శాసనం.

ఇల్లంటే కొండవాలు మీద ఒక గది, ఒక వంటిల్లు. కింద పొయ్యి సెగతో నేల వెచ్చగా ఉండేది ఆ గదిలోనే, కిటికీ ఉన్నదీ ఆ గదికే. అది సరిగ్గా సముద్రానికి ఎదురుగా, తూర్పుకి. గుమ్రాన్ పరుపు పరుచుకునే వేళకి ఎండ నేరుగా మొహం మీదికొచ్చి కూర్చుంటుంది. కళ్లకు తువ్వాలు కట్టుకుంటే తలనొప్పి. గోడవైపు తిరిగితే ఆ గోడ కూడా మెరుస్తుంది. ఆ వెలుగులో, కిటికీ పక్కన, అత్తగారు బున్నే ఒక మోకాలు నిలబెట్టి దాని మీద గడ్డం ఆనించుకుని సముద్రం కేసి చూస్తూ ఉంటుంది.

చూసేది కొడుకు కోసం. పన్నెండేళ్ల కిందట గుమ్రాన్ మొగుడు తేసూ స్క్విడ్ పడవెక్కి వెళ్లాడు. పడవ తిరిగి రాలేదు, దాని చెక్క ముక్క కూడా దొరకలేదు. దొరకలేదు కాబట్టి మునగలేదు, మునగలేదు కాబట్టి వస్తాడు. ముసలమ్మ లెక్క అంతే. ఊరి పెద్దలు వచ్చి, ఒళ్లు లేకపోయినా అతని బట్టలు పెట్టి సమాధి కట్టిద్దామన్నారు, కట్టనివ్వలేదు. పండగనాడు పోయిన పెద్దలకు పెట్టే అన్నంలో కొడుకు పేరున గిన్నె పెట్టనివ్వలేదు. పైగా ఏటా వాడి పుట్టినరోజుకి సముద్రపు నాచుతో పులుసు కాస్తుంది, బతికున్నవాళ్లకి కాసినట్టే. అది గుమ్రాన్ తాగాలి. నోరెత్తకుండా తాగి గిన్నె కడిగి బోర్లిస్తుంది.

"వాడు చిన్నప్పట్నుంచీ పడవలోంచి ఈ కిటికీ చూసే ఇల్లు గుర్తుపట్టేవాడే. దానికి గుడ్డ కడితే కొండంతా ఒక్కలాగే ఉంటుంది. ఏ ఇంటికని వస్తాడు?" అంటుంది ముసలమ్మ.

"ముప్పై ఏళ్లొచ్చినవాడికి సొంతిల్లు తెలీదా అత్తయ్యా?"

"తెలిస్తే ఇంతసేపా?"

గుమ్రాన్ చెప్పడం మానేసి చేతలకు దిగింది. మొదట చలికాలం వంక పెట్టి, గాజు సామాన్లకు చుట్టే బుడగల ప్లాస్టిక్ తెచ్చి కిటికీకి అంటించింది. చలి ఆపుతుందంది. ముసలమ్మ రోజంతా కూర్చుని బుడగలన్నీ టప్ టప్‌మని నొక్కేసి, సాయంత్రానికి దాన్ని ఊడబెరికింది. తరవాత నాచు ఎండబెట్టే రెల్లు చాపలు నాలుగు కలిపి కుట్టి వేలాడదీసింది. అవి మర్నాటికి పెరట్లో ముల్లంగి కింద పరిచి కనబడ్డాయి. ఆపైన, తనతో స్క్విడ్ కోసే సుండొక్ అక్క ఒక ఉపాయం చెప్పింది.

"బస్టాండులో విరిగిన గొడుగులు గుట్టలు పడుంటాయే. నల్ల గుడ్డలు. ఊచలు పీకేసి కుట్టెయ్. చీకటంటే చీకటి, అమావాస్యే!"

ఇద్దరూ కలిసి మూడుకోణాల ముక్కలన్నీ తలా తోకా తిప్పి కుట్టారు. అందంగానే వచ్చింది, సుండొక్ మురిసిపోయి తనకీ ఒకటి కావాలంది కూడా. కట్టిన పూట గుమ్రాన్ హాయిగా కళ్లు మూసింది. ఎంతోసేపు కాలేదు, మొహం మీద వెలుగు. కళ్లు తెరిచి చూస్తే అత్తగారు స్టూలెక్కి, ఆ వయసులో, గొడుగు గుడ్డ విప్పుతోంది.

"పడి చస్తారు! దిగండి!"

"నువ్వు కట్టకపోతే నేనెక్కను కదే."

గుమ్రాన్ ఏడ్చింది ఆ రోజు. కోపంతో కూడా కాదు, అలసటతో. లేచి వెళ్లి వంటింట్లో చల్లటి నేల మీద, ఊరగాయ జాడీల మధ్య ముడుచుకు పడుకుంది. నడుం పట్టేసింది. విడిచి వెళ్లిపోవాలని అనిపించలేదా అంటే అనిపించింది, ఎన్నోసార్లు. మొగుడు లేడని ఊళ్లో అందరికంటే ముందు, గట్టిగా, మొహాన చెప్పింది తనే. పోయాడత్తయ్యా, పోయాడు, అని. కానీ ముసలమ్మని ఎవరికి అప్పగించి వెళుతుంది? పిల్లలా లేకపాయె. ఆ కిటికీ దగ్గర ఆ ముసలిప్రాణాన్ని ఒక్కదాన్నీ వదిలేయడానికి మనసొప్పేది కాదు.

ఇలా ఉండగా ఓ తెల్లవారుజామున రేవులో, చేతిలో స్క్విడ్ ఉండగానే, గుమ్రాన్‌కి నిలబడి నిలబడి కునుకు పట్టింది. కత్తి జారి ఎడమ అరచేతిలో దిగింది. కుట్లు వేయించి, సుండొక్ ఆమెను ఇంటికి తీసుకొచ్చింది. వాకిట్లోంచే మొదలుపెట్టింది.

"చూడండి పెద్దమ్మా, మీ కోడలి నిర్వాకం! నిలబడి నిద్రపోతోంది, గుర్రంలా! ఇవాళ చెయ్యి. రేపు మెడో, గుండో! మీ అబ్బాయి వస్తే రానివ్వండి, నేను కాదన్నానా? వచ్చేసరికి ఇంట్లో తలుపు తీసేదెవరో అది చూసుకోండి ముందు!"

"ఊరుకో అక్కా," అంది గుమ్రాన్.

"నువ్వు ఊరుకునే ఇంతకొచ్చింది!"

ముసలమ్మ కోడలి చేతి కట్టు వైపు చూసింది, అందులోంచి ఊరుతున్న ఎర్రటి మరక వైపు చూసింది. ఆ పూట కిటికీ దగ్గరికి పోలేదు. గంజి కాచి, చెంచాతో తనే తాగించింది. గుమ్రాన్‌కి అదేదో భయంగా కూడా అనిపించింది.

అది అధికమాసం మొదలైన వారం. అక్కడి వాళ్లకి ఏం చేసినా దోషం అంటని నెల కదా, అందరూ ఇళ్లు మారుతున్నారు, సమాధులు బాగుచేయిస్తున్నారు. ముసలమ్మ పొద్దున్నే చెక్కపెట్టె తెరిచి, అడుగునున్న నారబట్ట చుట్ట బయటికి తీసింది. గుమ్రాన్‌కి తెలుసు ఆ చుట్ట. ముసలమ్మ మంచి రోజుల్లో, తను పోయేనాటి బట్టలకని కొని దాచుకున్నది. అధికమాసం వచ్చినప్పుడల్లా తీసి, ఎండలో వేసి, "ఈసారి కుట్టడం వద్దులే, ఇంకా పనుంది" అని మళ్లీ పెట్టెలో పెట్టేసేది.

"తెర కుడదాం రావే," అంది.

గుమ్రాన్ తన చెవుల్ని తనే నమ్మలేదు. "కిటికీకా?"

"కాకపోతే నా నెత్తికా? కుడిచెయ్యి బాగానే ఉందిగా. సూది పట్టు."

"ఇది మీ బట్టలకి కదా అత్తయ్యా. దీన్ని కొయ్యడమేంటి? గొడుగు గుడ్డ ఉంది, అదే కడదాం."

"గొడుగు గుడ్డ గొడుక్కే. నువ్వు మాట్లాడక కూర్చో."

ముసలమ్మ కత్తెర పట్టింది. చూపు సరిగా ఆనదు, కానీ చేతులు తడుముకోలేదు. నారబట్ట పన్నా ఇరుకు, ముక్కలు పక్కపక్కన కలిపి కుడితేగాని వెడల్పు రాదు. అంతవరకూ మామూలే, ఊళ్లో ముక్కలతో తెరలు కుట్టుకునే వాళ్లంతా చేసేదే. కానీ ఆవిడ కోస్తున్న ముక్కలు చదరంగా లేవు. రెండు పొడుగువి, ఒక చివర వంకీ తిరిగి. రెండు వెడల్పువి. ఒకటి సన్నగా పట్టీలా, దాని అంచున అప్పుడే తనే సూదితో నాలుగు కుట్లు వేసి పక్కన పెట్టింది. గుమ్రాన్ పట్టించుకోలేదు. ఆమె మనసంతా నిద్ర మీదే ఉంది. ఇవాళ కుడితే రేపటికి చీకటి. దారం ఎక్కించి, చివర వేలికి చుట్టి ముడి వేసింది.

చేతి మీద చురుక్కుమని దెబ్బ పడింది.

"ముడి వెయ్యకు!"

"ముడి వెయ్యకపోతే ఊడిపోదూ?"

"వెయ్యకూడదన్నానా! తోక వదిలి కుట్టుకుపో. వెనక్కి కుట్టు వెయ్యకు. మధ్యలో దారం అతకకు."

గుమ్రాన్ చేతిలో సూది ఆగిపోయింది. కన్నతల్లికి తనే కుట్టింది ఒకప్పుడు. ముడి లేకుండా, వెనక్కి మళ్లకుండా కుట్టేది ఒక్కటే. పోయినవాళ్లు వేసుకునే బట్ట. ముడి ఉంటే వాళ్ల కాళ్లకి బంధం పడుతుందని, కదలలేరని. నేల మీద పరిచిన ముక్కల వైపు మళ్లీ చూసింది. రెండు చేతులు. ముందు పన్నా, వెనక పన్నా. మెడపట్టీ. నేల మీద ఒక మగమనిషి కోటు విడివిడిగా పడుకుని ఉంది.

"ఎవరి కొలత అత్తయ్యా ఇది?"

ముసలమ్మ తలెత్తలేదు. "భుజం దగ్గర నాకు అనుమానంగా ఉందే. నువ్వు పక్కన నిలబడితే వాడి భుజం నీకెక్కడి దాకా వచ్చేది? చెవి దాకానా?"

గుమ్రాన్‌కి ఒళ్లు మండిపోయింది. పన్నెండేళ్లుగా తను చెప్పిన మాటే ఇప్పుడు ఆవిడ ఒప్పుకుంటోంది, అయినా మండిపోయింది. ముక్కల్ని తోసేసి లేచింది.

"నేను నిద్ర అడిగాను! ఇది అడిగానా? కాస్త నిద్రపోనివ్వండంటే, ఆయన్ని చంపెయ్యమన్నానా?"

"రెండూ ఒకటే కదే పిచ్చిదానా!" ముసలమ్మ గొంతు కూడా లేచింది. "ఆ కిటికీ మూస్తే వాడు లేనట్టే. నాకు తెలుసు కాబట్టే ఇన్నాళ్లూ మూయనివ్వలేదు. లేనివాడి కోసం ఉన్నదాన్ని కత్తికి ఎర వెయ్యమంటావా? నిన్ను కూడా పోగొట్టుకుని ఎవరి మొహం చూడనూ నేను?" తోసేసిన ముక్కల్ని మళ్లీ దగ్గరికి లాక్కుంది. "మూసేదేదో వాడి బట్టతోనే మూద్దాం. తొడగడానికి ఒళ్లు దొరకలేదు. కిటికీకైనా తొడుగుదాం."

గుమ్రాన్ గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ఆయన భుజం ఎక్కడి దాకా వచ్చేదో గుర్తు చేసుకోబోయింది. గడ్డం దాకానో, చెవి దాకానో తేలలేదు. అది తేలకపోవడం ఆమెకి అన్నిటికంటే కష్టంగా తోచింది.

"చెవి దాకా," అంది చివరికి. "వేసెయ్యండి, చెవి దాకానే."

ఇద్దరూ కుట్టారు. గుమ్రాన్ నొప్పి చేత్తో బట్ట నొక్కిపట్టి, మంచి చేత్తో కుట్టింది. చేతుల పక్కన ముందు వెనక పన్నాలు, వాటి పక్కన మెడపట్టీ, మధ్యలో సందులకి మిగుళ్లు. మధ్యమధ్య ముసలమ్మ "కుట్టు పెద్దదవుతోంది", "వాడు నీలా పొట్టివాడు కాదు, లాగి పట్టు" అని సాధిస్తూనే ఉంది. గుమ్రాన్ మాటకి మాట అంటూనే ఉంది. కిటికీ నిండా బట్ట తయారయ్యేసరికి ఒక్క అంచు మిగిలింది. అక్కడ ముసలమ్మ సూది కోడలి చేతికిచ్చింది.

"ఈ చివర నువ్వు ముగించు. పెళ్లానివి."

గుమ్రాన్ ముగించింది. ఆఖరి కుట్టు తీసి దారం తోక వదిలెయ్యాలి, అంతే. వదలాలనే అనుకుంది. పోయాడని ఊరందరికీ చాటింది తనే కదా, తనకేం కష్టం? కానీ వేళ్లు ఆమె మాట వినలేదు. దారాన్ని చుట్టి, ఎవరికీ కనబడనంత చిన్న ముడి వేసి, పళ్లతో తెంపేశాయి.

ముసలమ్మ బట్ట అంచు అందుకుని, చూపు ఆనదు కాబట్టి, వేలితో కుట్టు వెంబడి తడుముకుంటూ వచ్చింది. వేలు ముడి దగ్గర ఆగింది. గుమ్రాన్ దెబ్బకి సిద్ధపడి చెయ్యి చాపే ఉంచింది.

దెబ్బ పడలేదు. ముసలమ్మ బట్టను తిరగేసి, మెడపట్టీ లోపలివైపు ఒక చోట కోడలి వేలు పట్టుకుని ఆనించింది. అక్కడా గింజంత గట్టిగా తగిలింది.

"మొదటి కుట్టుకే వేశాను," అంది. "నిన్ను కొట్టేటప్పటికే వేసేసి ఉన్నాను. నవ్వకు."

గుమ్రాన్ నవ్వలేదు. మొహం ముసలమ్మ భుజం మీద దాచుకుని గట్టిగా ఏడ్చింది. ముసలమ్మ కూడా ఏడ్చింది, ముక్కు చొక్కా చేతికి తుడుచుకుంటూ, కట్టిన చెయ్యి నలగకుండా పక్కకి తీసిపెడుతూ.

"కత్తిరించేద్దామా అత్తయ్యా?"

"ఉండనీ. పుట్టినప్పట్నుంచీ వలల ముడులు, తాళ్ల ముడులు విప్పినవాడు. పోవాలనుంటే ఆ రెండూ వాడే విప్పుకుంటాడు."

తెర కట్టారు. గదిలో మరీ చీకటేం కాలేదు, నారబట్ట కదా, ఎండ సన్నగా జల్లెడపట్టినట్టు దిగింది. గుమ్రాన్ పరుపు మీద వాలింది, వాలిన మనిషి వాలినట్టే నిద్రపోయింది. బున్నే ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. కాకపోతే ఈసారి సముద్రానికి వీపు పెట్టి, కోడలి వైపు తిరిగి కూర్చుంది. సాయంత్రం దాకా అక్కణ్నించి కదల్లేదు.